ఇవ్వక్కర్లేదు

రాత్రి రెండున్నరకి గ్రిమ్స్‌బీ పోలీస్ స్టేషన్‌లో
నా చేతికొచ్చిన మణికట్టు అతనిది.
నాడి తొంభై ఆరు. బీపీ ఎక్కువే.
కుడి దవడ వాచింది.
పేరు కోలిన్ థ్రోవర్, అరవై ఎనిమిదేళ్ళు.
చిరునామా గడిలో ఏం రాయాలో
ఇద్దరికీ తెలియలేదు.

ఎవరూ పట్టుకురాలేదు.
తనే వచ్చాడు, చిన్న సూట్‌కేసుతో.
కౌంటర్ దగ్గర గంట నొక్కి
"పదకొండేళ్ళ కిందటి పని మీద వచ్చాను" అన్నాడట,
కరెంటు బిల్లు కట్టడానికి వచ్చినవాడిలా.

రేవు కూలీల పింఛను లెక్కలు రాసేవాడు.
రాస్తూ రాస్తూ ఒక సున్నాని తనవైపు దొర్లించుకున్నాడు,
అది ఒంటరిదైపోతుందని ఇంకోటి.

"అక్కడ ఒప్పందమే లేదుగా,
మరెందుకొచ్చారు?"
నర్సు అడగాల్సిన ప్రశ్న కాదు. అడిగాను.

నవ్వబోయి దవడ పట్టుకున్నాడు.
"ఒప్పందం లేదంటే
వాళ్ళు నన్ను ఇవ్వక్కర్లేదని.
ఇవ్వకూడదని కాదు.
ఆ రెండు మాటల మధ్య సందులో
పదకొండేళ్ళు అద్దెకున్నాను."

మొదటి ఏడాది సముద్రం కనిపించే గది,
వంటమనిషి, పీతల కూర.
రెండో ఏడు వీసా ఆఫీసులో ఒక కుర్రాడు
ఫైలు మూసి, తెరిచి, మళ్ళీ మూసి
మోటార్‌సైకిళ్ళ ధరల గురించి మాట్లాడాడు.
(వీసా అనగానే నా గడువు తేదీ గుర్తొచ్చింది నాకు,
ఏ తప్పూ చెయ్యకుండానే.)
కుర్రాడికి మోటార్‌సైకిలు వచ్చింది.
పైవాడి ఇంటికి పైకప్పు వచ్చింది.
ప్రభుత్వం మారితే కొత్తవాళ్ళు, కొత్త ఆకలి.
ఇంటి యజమాని అద్దె పెంచిన ప్రతిసారీ
"మీ దేశంలో ఇప్పుడు చలేనా?" అనేవాడట, నవ్వుతూ,
అంతకన్నా ఒక్క ముక్క లేదు.
దొంగసొమ్ము దోస్తే
ఫిర్యాదు ఎవరికి?

పాస్‌పోర్టు గడువు తీరింది.
కొత్తది ఇచ్చే కిటికీ వెనక
వెతికేవాళ్ళే కూర్చున్నారు.
విమానం ఎక్కుదామంటే
మధ్యలో దిగే ప్రతి ఊరికీ ఒప్పందం ఉంది.
ప్రపంచపటంలో ఒక్క రంగు మీదే నిలబడాలి,
ఆ రంగేమో ఏటేటా వెలిసిపోతోంది.

చివరికి పన్ను లేపింది అతన్ని.
మా భాషలో పన్నంటే నోట్లోదీ, సర్కారుదీ.
రెండూ అంతే,
పట్టించుకోకపోతే అర్ధరాత్రి సలుపుతాయి.
నమ్మకంగా నోరు తెరవగల డాక్టరు
అక్కడ ఒక్కడూ దొరకలేదట.

ఒక్క ప్రయాణానికే చెల్లే కాగితం అడుక్కుని,
తలవంచుకుని హీత్రోలో దిగితే
ఎవరూ ఆపలేదు.
అదే ఎక్కువ నొప్పించినట్టుంది.
డాంకాస్టర్‌లో రైలు మారి, తనే నడిచొచ్చాడు.

రెండు పారాసిటమాల్, కాగితం కప్పులో నీళ్ళు.
పరుగెత్తి పాలు తాగినవాడు
నిలబడి నీళ్ళు తాగాడు.
"ఊరి వాసన మారలేదు" అన్నాడు, కళ్ళు మూసుకుని.

అప్పటిదాకా జాలి పడుతూనే ఉన్నాను.
ఆ వాసన మా వరస చివరింటి ఐలీన్ చేతులది.
డెబ్భై మూడేళ్ళకి రాత్రి షిఫ్టులో
హాడాక్ ముళ్ళు తీస్తుంది.
మొగుడు రాన్ ముప్ఫై ఒక్కేళ్ళు
రేవులో ఐసు మోశాడు.
అతని పింఛనే
ఈ మనిషి తిన్న పీతల కూర.
ఆమె వేళ్ళ పగుళ్ళకి వ్యాజిలైన్ రాసింది నేనే.

అరగంటకోసారి తలుపు రంధ్రంలోంచి చూడాలి నా డ్యూటీ.
మూడున్నరకి గురక.
నాలుగింటికి గురక.
బయటనుంచి గడియ వేసిన గదిలో
ఇంత గాఢంగా నిద్రపోయేవాణ్ణి చూడలేదు.
దానికి ఫారంలో గడి లేదు.
"శ్వాస మామూలే" అని రాశాను.

ఆరున్నరకి ఇంటికి పోతుంటే
ఐలీన్ బస్సు దిగుతోంది.
"రాత్రి ఏమన్నా విశేషమా?" అంది,
చేతులు కోటు జేబుల్లో దాచుకుని.

చెప్పక్కర్లేదు.
కాదు, చెప్పకూడదు.
ఆ రెంటి మధ్య ఒక్క నిమిషం నిలబడి
"చలిగా ఉంది, పద" అన్నాను.